పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్, దాని మీద వీడియో ఎడిటింగ్

కొత్తవాళ్లకి లినక్స్‌లో మింట్ అనే రకం చాలు. దాని ఐఎస్ఓ ఫైల్ (ఇన్‌స్టాల్ చేసే డిస్క్ నకలు) సుమారు 3 జీబీ, 8 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది. ఫైల్‌ని ఊరికే కాపీ చేసి పెడితే బూట్ అవదు, రూఫస్ అనే విండోస్ ప్రోగ్రామ్‌తో రాయాలి. డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది.

పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయడానికి బయోస్ (కంప్యూటర్ ఆన్ అవగానే తెరుచుకునే మూల సెట్టింగ్స్) జోలికి వెళ్లేముందు విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే ఏర్పాటు) ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకోండి. బయోస్‌లో సెక్యూర్ బూట్ (నమ్మకమైన సిస్టమ్‌నే బూట్ కానిచ్చే సెట్టింగ్) మార్చాక విండోస్ అదే అడగొచ్చు, అది దొరక్కపోతే ఫైళ్ల మీద ఆశ వదులుకోవాల్సిందే.

పెన్‌డ్రైవ్ నుంచి తెరుచుకునే లైవ్ సెషన్‌ వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో చూసుకోవడానికే. అందులో ఎడిటింగ్ మొదలుపెట్టకండి. రీస్టార్ట్ చేస్తే వేసిన సాఫ్ట్‌వేర్, సేవ్ చేసిన ప్రాజెక్టు రెండూ మాయం. ఎస్ఎస్‌డీలో 100 జీబీ కేటాయించి విండోస్ పక్కనే ఇన్‌స్టాల్ చేయండి. ‘ఎరేజ్ డిస్క్’ నొక్కితే విండోస్ కూడా పోతుంది! ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుంటే డ్రైవర్ మేనేజర్‌లో ‘రికమెండెడ్’ అన్నదే ఎంచుకోండి.

ఎడిటర్‌గా కేడెన్‌లైవ్ మంచి ఎంపిక. ఫోన్ వీడియోల్లో ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు, అందుకే టైమ్‌లైన్ సాగేకొద్దీ పెదవులకీ మాటకీ పొంతన తప్పుతుంది. క్లిప్ వేయగానే కేడెన్‌లైవ్ దాన్ని ఎడిటింగ్‌కి అనువైన ఫార్మాట్‌లోకి మార్చమంటావా అని అడుగుతుంది, సరే అనండి. 4కే క్లిప్పులు తడబడితే ప్రాజెక్టు సెట్టింగ్స్‌లో ప్రాక్సీ ఆన్ చేయండి. చిన్న నకళ్లతో ఎడిట్ చేస్తారు, చివరి రెండర్ మాత్రం అసలు ఫైళ్లతోనే అవుతుంది.

డావిన్సీ రిజాల్వ్ అనే మరో ఎడిటర్ కావాలనుకునేవాళ్లకి ఒక్క మాట: లినక్స్‌లో దాని ఉచిత వెర్షన్ హెచ్.264 (ఫోన్లు ఎక్కువగా వాడే వీడియో ఫార్మాట్) ఫైళ్లు తెరవదు. ముందుగా ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఫార్మాట్ మార్చే టూల్‌తో డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ అనే ఎడిటింగ్ ఫార్మాట్‌లోకి, ఆడియోని పీసీఎం అనే కుదించని రూపంలోకి మార్చుకోవాలి. ఫైళ్లు చాలా రెట్లు ఉబ్బుతాయి కాబట్టి వాటికి విడిగా డిస్క్ ఉంచుకోండి.