రేడియేషన్ రోజుల్లో మింగడానికి నేను పడ్డ తిప్పలు

గొంతు క్యాన్సర్‌కి రేడియేషన్ మొదలుపెట్టబోయేవాళ్ల కోసం రాస్తున్నాను. మాది విజయనగరం, సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ బస్సులో విశాఖ వెళ్లి రావడం. మామూలుగా ఇది ఆరేడు వారాలు సాగుతుంది. మొదట్లో ఏమీ తెలియలేదు, బస్టాండులో ఇడ్లీ తినే ఎక్కేవాణ్ణి. రెండో వారం దాటాక నోరూ గొంతూ పూసేసి, ఉమ్మి మింగాలన్నా భుజాలు బిగబట్టాల్సి వచ్చేది, నొప్పి చెవిలోకి పోటు పొడిచేది.

ఆకలేసినప్పుడు కాదు, మందు పనిచేస్తున్నప్పుడు తినాలి. నన్ను నిలబెట్టింది ఇదే. డాక్టరు రాసిన నొప్పి సిరప్ తిండికి అరగంట ముందు తాగి, తర్వాత చిక్కటి లిగ్నోకైన్ మందు నోట్లో పోసుకుని కాసేపు తిప్పి ఉమ్మేసేవాణ్ణి (మింగాలో ఉమ్మాలో మీ డాక్టర్నే అడగండి). కొద్ది నిమిషాల్లో గొంతు మొద్దుబారుతుంది, ఆ మొద్దు వదిలేలోపే గిన్నె ఖాళీ అయిపోవాలి. అందుకే మా ఆవిడ అన్నీ ముందే చల్లార్చి ఉంచేది, మొద్దుబారిన నోరు కాలినా తెలీదు మరి. పొలమారే ప్రమాదం కూడా ఉంది, నిటారుగా కూర్చుని, మాట్లాడకుండా, గుక్కగుక్కకీ ఆగుతూ మింగాలి.

చోడి (రాగి) జావ పల్చగా కాస్తే దిగేది. బావమరిది పలాస నుంచి తెచ్చిన జీడిపప్పు రాత్రి నానబెట్టి, మెత్తగా రుబ్బి, వడకట్టి పాలల్లో కలిపేవాళ్లం, బరువు మరీ పడిపోకుండా అదే కాపాడింది. ఎండాకాలం కాబట్టి లేత ముంజలు దొరికాయి, పొట్టు తీసి చెంచాతో మెదుపుకుంటే హాయిగా జారిపోయేవి. తరవాణి (పులిసిన గంజి) తాగుదామని ప్రాణం లాగేసింది గానీ, పులుపు తగిలితే చాలు కళ్లల్లో నీళ్లే. చూడ్డానికి వచ్చినవాళ్లు మిరియాల కషాయం తాగమనేవారు, నవ్వాలన్నా నొప్పే అప్పుడు! ఉప్పు, వంటసోడా చిటికెడు చిటికెడు కలిపిన గోరువెచ్చటి నీళ్లతో మాత్రం రోజంతా పుక్కిలించాను.

అయినా బరువు తగ్గుతుంటే ముక్కులోంచి గొట్టం వేశారు. సిగ్గుపడాల్సిందేం లేదు, కడుపు నిండింది. కానీ గొట్టం ఉంది కదా అని నోటితో మింగడం మానేస్తే కండరాలు బిగుసుకుపోతాయని స్పీచ్ థెరపిస్ట్ (మాటతో పాటు మింగడం సంగతీ చూసే ఆవిడ) గట్టిగా చెప్పింది, నా మింగుడు పరీక్ష చేసి పర్వాలేదంది కూడా. అందుకని పూటపూటా నాలుగు చెంచాల నీళ్లయినా మింగేవాణ్ణి, తిట్టుకుంటూనే.

ఇంకో సంగతి, చివరి సిట్టింగ్ అయిన రోజే నొప్పి తగ్గదు. ఆ తర్వాత వారం పది రోజులు ఇంకా ముదురుతుంది, మాకెవరూ ముందు చెప్పక ఇంటిల్లిపాదీ టెన్షన్ పడ్డాం. ఆ మధ్యలోనే నాలుక మీద తెల్లటి మచ్చలు వస్తే పూతే కదా అని ఊరుకోకుండా చూపించాం, ఫంగస్ అన్నారు, దానికి వేరే మందు. జ్వరం వచ్చినా, నీళ్లు కూడా దిగకపోయినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లిపోండి.

ఇప్పుడు అన్నమే తింటున్నాను. ఉమ్మి సరిగా ఊరదు కాబట్టి ముద్దముద్దకీ నీళ్లు కావాలి, ఆవకాయ జోలికి ఇంకా పోలేదు. నాలుక కొస పళ్ల మధ్య పట్టుకుని మింగే ఎక్సర్‌సైజు మాత్రం రోజూ చేస్తున్నాను, థెరపిస్ట్ ఆపమనేదాకా చేస్తాను.