తాతగారి టీపాయ్ పని, మూడో వారం

తెనాలి నుంచి తెచ్చిన టేకు టీపాయ్ ఇది. పైన చాక్లెట్ కలర్ ఎనామిల్, దాని కింద ఆకుపచ్చ, దాని కింద నీలం, సంక్రాంతికి కిటికీలకి వేయగా మిగిలిన పెయింటంతా దీనికే పూసేవాళ్ళంట, చెక్క మొహం చూసినవాళ్ళే లేరు.

ముందు సాండ్ పేపర్‌తోనే లాగించేద్దాం అనుకున్నా గానీ ఆగా. పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న రూల్ అమల్లోకొచ్చిందే 2017 నవంబర్లో, ఇదేమో నేను పుట్టకముందు పూసింది, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఆ దుమ్ము ఎగరడం ఎందుకని పెయింట్ రిమూవర్ తెచ్చి గ్లౌజులేసుకుని బాల్కనీలో మొదలెట్టా. మందంగా పూసి పావుగంట వదిలేస్తే అప్పడం పొంగినట్టు లేస్తుంది, పుట్టీ బ్లేడుతో నెట్టడమే. కాళ్ళకి కడియాల్లా తిప్పిన గాడులున్నాయే, అవే ప్రాణం తీశాయి, బ్లేడు దూరదు, టూత్ బ్రష్ వంగిపోయింది, చివరికి పురికొస చుట్టి కవ్వం చిలికినట్టు అటూ ఇటూ లాగితే మొత్తం ఊడొచ్చింది.

తర్వాత 80, 120, 180, 220 నంబర్ సాండ్ పేపర్లు, గరుకు నుంచి నునుపుకి. గ్రెయిన్ (చెక్క చారలు) వెంటే రుద్దాలి. ఒక మూల అడ్డంగా రుద్దేశా, అప్పుడేం కనపడలేదు, పాలిష్ తగలగానే గీతలన్నీ తేలాయి.

పాలిష్‌కి అరలీటరు స్పిరిట్‌లో 75 గ్రాముల లక్క రాత్రంతా నానబెట్టి (స్టౌ దగ్గర మాత్రం వద్దు), పాత పంచె ముక్కలో వడగట్టి, దూది ఉండ గుడ్డలో చుట్టి పల్చగా పూసుకుంటూ పోయా. నాలుగో కోటు రోజు ముసురు పట్టింది, ఆగొచ్చుగా, ఆగలేదు, కాసేపటికి టాప్ మొత్తం బియ్యం కడుగు నీళ్ళు ఒలికినట్టు తెల్లగా అయిపోయింది. గాల్లో తేమ లక్కలో ఇరుక్కుంటే అంతే. ఎండొచ్చాక స్పిరిట్ తగిలీ తగలనట్టు గుడ్డతో ఒక్కసారి లాగితే పోయింది.

హమ్మయ్య అనుకునేలోపు అమ్మ పొగలు కక్కే స్టీలు గ్లాసు తెచ్చి దాని మీద పెట్టింది. తీసి చూస్తే గుండ్రంగా తెల్ల మచ్చ. "టీపాయ్ మీద కాఫీ పెట్టకూడదంటే అదింకెందుకురా" అంది, పాయింటే. లక్క వేడికి ఆగదు, కాళ్ళ వరకు ఓకే. ఆదివారం టాప్ మీదది స్పిరిట్‌తో తుడిచేసి, మళ్ళీ 180 నుంచి రుద్ది పీయూ (పాలీయురెథేన్ వార్నిష్) వేస్తా. మామూలు లక్కలో మైనం ఉంటుంది, కొంచెం మిగిలినా పీయూ సరిగ్గా పట్టదు, అందుకే పూర్తిగా తీయాలి. ఆ మూల గీతలు కూడా దాంతో పోతాయి.