మధ్యాహ్నం తర్వాత బడి ఎవరిది?

జర్మనీకి కొత్తగా వచ్చిన మనవాళ్ళు పిల్లల బడి గురించి నన్ను ముందుగా అడిగేది "సాయంత్రం నాలుగు దాకా ఉంచుకుంటారా?" అని. ఉంచుకుంటారని చెప్పగానే "అంతసేపూ చదివిస్తారా?" అంటారు. దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కష్టం. ఉదయం టీచర్లు చదివిస్తారు. మధ్యాహ్నం నుంచి కూడా పిల్లలు అదే భవనంలో ఉంటారు గానీ, చూసుకునే మనుషులు వేరు, వాళ్ళకి జీతమిచ్చే సంస్థ వేరు. కొందరికైతే జీతమే ఉండదు.

మేం ఉండేది డార్ట్‌మండ్‌లో. మా పాప, బాబు ఇద్దరూ వెళ్ళేది ఇలాంటి బడికే. మా రాష్ట్రం నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియాలో దీన్ని ఓజీఎస్ అంటారు, 'తెరిచి ఉన్న పూర్తి రోజు బడి' అనే జర్మన్ పేరుకి పొట్టి రూపం. పేరుకు పూర్తి రోజు బడే కానీ మధ్యాహ్నం భాగంలో చేరాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టం. చేరితే మాత్రం ఇష్టమొచ్చినప్పుడు వచ్చి పోవడం కుదరదు. ఆదాయాన్ని బట్టి నెలనెలా నగరపాలక సంస్థకి ఫీజు కడతాం, భోజనం ఖర్చు విడిగా ఉంటుంది.

మనకి వింతగా అనిపించవచ్చు గానీ, ఇక్కడ బడి అంటే చాలాకాలం పాటు మధ్యాహ్నం దాకానే. ఒంటిగంటకల్లా పిల్లలు ఇంటికొస్తారు, అమ్మ వంట చేసి హోంవర్క్ చేయిస్తుంది అనే లెక్క మీద వ్యవస్థ అంతా నడిచింది. 2001 డిసెంబరులో, పదిహేనేళ్ళ పిల్లల చదువుని దేశాల మధ్య పోల్చి చూసే పీసా పరీక్షల మొదటి ఫలితాలు వచ్చినప్పుడు ఈ దేశం ఉలిక్కిపడింది. మార్కులు తక్కువ రావడం ఒక ఎత్తు. ఏ ఇంట్లో పుట్టారన్న దాన్ని బట్టే పిల్లల చదువు తేలిపోవడంలో అభివృద్ధి చెందిన దేశాల్లో జర్మనీ ముందు వరసలో ఉండటం ఇంకో ఎత్తు. దాంతో 2003 నుంచి కేంద్ర ప్రభుత్వం 400 కోట్ల యూరోలు పెట్టి బడుల్లో వంటగదులు, భోజనశాలలు, ఆటగదులు కట్టించడం మొదలుపెట్టింది. 2021లో ఇంకో చట్టం చేశారు. 2026 ఆగస్టులో ఒకటో తరగతిలో చేరే పిల్లలతో మొదలుపెట్టి, ప్రాథమిక బడిలోని ప్రతి పిల్లకీ వారానికి అయిదు రోజులు, రోజుకి ఎనిమిది గంటల చోటు హక్కుగా ఇవ్వాలన్నది దాని సారం. భవనాల సంగతి ఎలా ఉన్నా, అన్ని గంటలు పిల్లలతో ఉండే మనుషులు ఎక్కణ్ణుంచి వస్తారన్నదే ఇప్పుడు అందరి టెన్షన్.

మా బడిలో మధ్యాహ్నం కనిపించేవాళ్ళు ఎవరంటే, చిన్నపిల్లల సంరక్షణలో శిక్షణ పొందిన ఎర్‌సియెరిన్‌లు, వంటగదిలో వడ్డించే ఆవిడ, ఇంటర్ లాంటిది పూర్తిచేసి ఏడాది పాటు స్వచ్ఛంద సేవ చేస్తున్న కుర్రాడు, ఫుట్‌బాల్ నేర్పడానికి స్పోర్ట్స్ క్లబ్బు నుంచి వచ్చే విద్యార్థిని, ఒకప్పుడు ఉక్కు కర్మాగారంలో పనిచేసి ఇప్పుడు సైకిల్ రిపేరు నేర్పే తాతయ్య, పిల్లల్ని ఒక్కొక్కరినే పక్కన కూర్చోబెట్టుకుని కథల పుస్తకం చదివించే రిటైరైన బ్యాంకు ఉద్యోగిని. ఈ చివరావిడ పైసా తీసుకోదు. వీళ్ళందరినీ కూర్చేది ఒక సేవాసంస్థ. బడికీ దానికీ మధ్య ఒప్పందం ఉంటుంది. ఉదయం టీచర్‌ని ఇంటిపేరుతో, మర్యాదగా పిలవాలి. మధ్యాహ్నం వాళ్ళని పిల్లలు పేరు పెట్టి, నువ్వు అని పిలుస్తారు. యాభై దాటిన ఆవిడని మావాడు పేరు పెట్టి కేకేస్తుంటే మొదట్లో నాకు తల తీసేసినట్టుండేది.

తెనాలి నుంచి మా అత్తయ్య వీడియో కాల్‌లో ఇదంతా విని, "ఆయనకి డిగ్రీ లేదు, ఈవిడకి జీతం లేదు. మరి పిల్లలకి ఏం వస్తుందమ్మా?" అంది. ఆవిడ ఒక్కతే కాదు, ఇక్కడి మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా అదే మాట. రెండున్నరకి పిల్లల్ని బయటికి తీసుకొచ్చేసి ఆన్‌లైన్ మ్యాథ్స్ ట్యూషన్‌లో కూర్చోబెట్టడానికి దారులు వెతికేవాళ్ళు నాకు చాలామందే తెలుసు.

ఈ ప్రశ్నకి ఇక్కడి విశ్వవిద్యాలయాలు చాలా ఓపిగ్గా జవాబు వెతికాయి. 2005లో మొదలై 2019 దాకా సాగిన స్టెగ్ అనే పెద్ద అధ్యయనంలో ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్‌లలోని పరిశోధన సంస్థలతో పాటు గీసెన్ విశ్వవిద్యాలయం, మా ఊరి టెక్నికల్ యూనివర్సిటీ కూడా పాల్గొన్నాయి. మధ్యాహ్నం బడిలో ఉన్నంత మాత్రాన మార్కులు పెరగవని అందులో తేలింది. ట్యూషన్ పక్షం వాళ్ళు ఇంతవరకే చదివి ఆపేస్తారు. కానీ మంచి కార్యక్రమాలున్న బడికి ఏళ్ళ తరబడి వెళ్ళిన పిల్లల్లో నలుగురితో మెలిగే తీరు మెరుగుపడింది, తరగతి మళ్ళీ చదవాల్సి రావడం తగ్గింది. మంచివంటే ఏవి? పిల్లలకి ఆసక్తి కలిగించేవి, వాళ్ళ మాట చెల్లేవి, నేర్పేవాళ్ళతో అనుబంధం ఏర్పడేవి. అంటే ఎన్ని గంటలు ఉన్నారన్నది కాదు, ఆ గంటలు ఎవరితో గడిచాయన్నది ముఖ్యం. ఒక తల్లిగా నాకు ఇది కొత్త విషయమేం కాదు, కానీ వేలమంది పిల్లల మీద చూసి చెప్పారు కాబట్టి అత్తయ్యకి చెప్పడానికి పనికొచ్చింది.

మా పాపకి ఆ మనిషి సైకిల్ తాతయ్య. మూడో తరగతిలో ఉండగా వారానికోసారి సైకిల్ రిపేరు నేర్పే గంటలో చేరింది. నాలుగో తరగతిలో ఇక్కడ పిల్లలందరికీ రోడ్డు మీద సైకిల్ నడిపే పరీక్ష ఉంటుంది, పోలీసులు వచ్చి చూస్తారు. దానికి ముందు సొంత సైకిల్‌కి బ్రేకులు, లైట్లు సరిచేసుకోవడం రావాలని ఆయన పట్టుదల. ఆయన పనిచేసిన ఉక్కు కర్మాగారం 2001లో మూతపడింది. యంత్రాలన్నీ విప్పి ఓడల్లో చైనాకి పంపేశారు. ఆ స్థలంలో ఇప్పుడు ఫీనిక్స్ సరస్సు ఉంది, చుట్టూ ఖరీదైన ఇళ్ళున్నాయి. ఆదివారం మేం వాకింగ్‌కి వెళ్తే, కొలిమి ఎక్కడుండేదో, ఏ వైపు నుంచి రైళ్ళు వచ్చేవో మా పాప మాకు చెబుతుంది. మాకు ఈ ఊరి గురించి అవేవీ తెలియవు. ఆఫీసు, సూపర్ మార్కెట్, ఇండియన్ స్టోర్, ఇంతే మా డార్ట్‌మండ్. పిల్లకి మాత్రం ఇక్కడొక తాతయ్య దొరికాడు, ఆయన ద్వారా ఊరికొక గతం ఉందని తెలిసింది. తెనాలి తాతయ్యకి ఫోన్ చేసి చైన్ ఎలా ఎక్కించాలో తెలుగులో చెప్పబోయి, సగం మాటలు జర్మన్‌లో చెబితే, ఆయన స్క్రీన్‌లోకి తొంగిచూస్తూ "గేర్లు లేని సైకిల్ అయితే నేను చెప్తా" అన్నారు.

అదే ఏడాది క్లాస్ టీచర్ పిలిచి, పాప తరగతిలో నోరు విప్పడం లేదని, ఇంట్లో జర్మన్ మాట్లాడకపోవడం వల్లనేమోనని అంది. ఇక్కడ ఈ మాట తేలిగ్గా తీసుకునేది కాదు. నాలుగో తరగతి సగంలో ఇచ్చే రిపోర్టుతో పాటు, పిల్ల తర్వాత ఏ రకం బడికి వెళ్తే బాగుంటుందో బడి సిఫారసు రాసిస్తుంది. మా రాష్ట్రంలో చివరి నిర్ణయం తల్లిదండ్రులదే అయినా, ఆ కాగితం మీద గిమ్నాజియం (విశ్వవిద్యాలయం చదువుకి దారితీసే బడి) అని లేకపోతే మన ఇళ్ళల్లో ఎంత గొడవవుతుందో చెప్పక్కర్లేదు. నేను దిగులుగా మెట్లు దిగి వస్తుంటే సైకిల్ తాతయ్య ఎదురయ్యి నవ్వుతూ, మీ అమ్మాయి చిన్నపిల్లలకి టైరు విప్పడం నేర్పిస్తోంది, ఒక్క క్షణం ఆగకుండా మాట్లాడుతుంది అన్నాడు. జర్మన్‌లోనేనా అని అడిగితే, మరింకే భాషలో అన్నట్టు చూశాడు.

ఒకే పిల్ల, ఒకే భవనం. ఉదయం మనిషికి మూగపిల్ల, మధ్యాహ్నం మనిషికి వాగుడుకాయ. ఈ రెండు కబుర్లూ కలిసింది నా దగ్గర, అదీ మెట్ల మీద. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు ఎప్పుడూ మాట్లాడుకోలేదు. టీచర్ పని ముగిసే వేళకి ఆయన వస్తాడు.

ఇదేదో మా బడి లోపం అనుకున్నాను గానీ, తర్వాత చదివితే ఇది జర్మన్ విద్యా పరిశోధనలో పాత సమస్యేనని తెలిసింది. పక్కనే ఉన్న వుపర్టాల్ విశ్వవిద్యాలయంలో కోర్నేలియా గ్రేజెల్, ఆమె సహచరులు 2006లో టీచర్ల మధ్య సహకారాన్ని మూడు మెట్లుగా చూశారు. మొదటిది కబుర్లు, కాగితాలు ఇచ్చిపుచ్చుకోవడం. రెండోది పని పంచుకుని ఎవరి భాగం వాళ్ళు చేయడం. మూడోది ఒకే సమస్య ముందు కలిసి కూర్చుని, ఇద్దరికీ అంతకుముందు లేని ఆలోచన ఒకటి తయారుచేయడం. మూడోది అరుదు, ఎందుకంటే దానికి సమయం కావాలి, ఒకరి మీద ఒకరికి నమ్మకం కావాలి. పూర్తి రోజు బడుల్లో ఇది మరీ కష్టం. టీచర్లకీ మధ్యాహ్నం వాళ్ళకీ చదువులు వేరు, జీతాలు వేరు, పనిగంటలు వేరు. జీతం తీసుకోనివాళ్ళు మీటింగుకి రావాలని ఎవరూ అడగలేరు, వస్తానన్నా పిలవాలన్న ఆలోచన ఎవరికీ రాదు. మన ఆఫీసుల్లో రెండు టీముల మధ్య హ్యాండోవర్ లేకుండా ప్రాజెక్టు నడిస్తే మనం ఒప్పుకుంటామా?

నేను టీచర్‌కి మెయిల్ రాసి, ఒక్కసారి సైకిల్ షెడ్డుకి వచ్చి చూడమని అడిగాను. ఆవిడకి ఖాళీ దొరకడానికి కొన్ని వారాలు పట్టింది, కానీ వచ్చింది. పది నిమిషాలు గోడ పక్కన నిలబడి చూసి, ఆయనతో మాట్లాడింది. ఆ తర్వాత తరగతిలో మా పాపకి సైకిల్ భాగాల గురించి చెప్పే పని అప్పగించింది. బొమ్మలు గీసిచ్చింది ఆయనే. మా పాప ఆ రోజు నుంచి గలగలా మాట్లాడేసిందని చెప్పను, ఇప్పటికీ తరగతిలో నెమ్మదే. కానీ రిపోర్టులో వాక్యం మారింది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు అడుగుతారు. ఇలా నేర్పేవాళ్ళకి చిన్న పారితోషికం ఇస్తే, ఏడాదికి 3,000 యూరోల దాకా పన్ను ఉండేది కాదు. 2026 నుంచి ఆ పరిమితి 3,300కి పెరిగింది. సేవకీ ఉద్యోగానికీ మధ్య గీత ఇక్కడే చెరిగిపోతుందని, శిక్షణ పొందిన మనిషిని పెట్టాల్సిన చోట తక్కువ ఖర్చుతో పని కానిచ్చేస్తారని ఇక్కడ వాదన ఉంది. విద్యా వాలంటీర్లని చూసిన మనకి ఈ భయం అర్థం కావాలి. తెలుగు రాష్ట్రాల్లో ఖాళీ పోస్టులు భర్తీ చేయకుండా కొద్దిపాటి గౌరవ వేతనంతో వాళ్ళ చేత ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పించారు. సైకిల్ తాతయ్య అలా కాదు. ఆయన లేకపోయినా ఎర్‌సియెరిన్ ఉంటుంది, లెక్కల టీచర్ ఉంటుంది. ఆయన ఇచ్చేది అదనం. ఆయన్ని చూపించి ఆ ఎర్‌సియెరిన్ పోస్టు తీసేస్తే మాత్రం నేను కూడా అత్తయ్య పక్షమే.

జర్మనీలో 14 ఏళ్ళు దాటినవాళ్ళలో ఏదో ఒక స్వచ్ఛంద పని చేసేవాళ్ళు దాదాపు 40 శాతం అని 2019 జాతీయ సర్వే చెబుతోంది. వలస నేపథ్యం లేనివాళ్ళలో 44 శాతం, ఉన్నవాళ్ళలో 27 శాతం. ఆ అంకె చూసి మావారు నొచ్చుకున్నారు. శనాదివారాల్లో మన పిల్లలకి తెలుగు చెప్పేది ఎవరు, జీతం ఎవరు తీసుకుంటున్నారు అని. నిజమే, 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి ఇన్ని దేశాల్లో నడుస్తోందంటే అది వారాంతం నిద్ర మానుకునే అమ్మానాన్నల వల్లే. కానీ అది మన పిల్లల కోసం మనం చేసుకునేది. సైకిల్ తాతయ్య మనవలు హాంబర్గ్‌లో ఉంటారు. ఆయన నట్టు బిగించడం నేర్పేది మన పిల్లలకి. నేనీ మాట అన్నాక మావారు కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత బడిలో చదరంగం నేర్పే గంట ఒకటి పెట్టొచ్చా అని అడగమన్నారు.

పెట్టొచ్చన్నారు, కానీ కాగితాలు కావాలన్నారు. పిల్లలతో పనిచేసేవాళ్ళకి తప్పనిసరి అయిన పోలీసు రికార్డు పత్రం బాన్ నగరం నుంచి వచ్చింది, స్వచ్ఛంద సేవకైతే దానికి ఫీజు లేదు. అసలు చిక్కు తట్టు టీకా దగ్గర వచ్చింది. 1970 తర్వాత పుట్టినవాళ్ళు బడిలో పనిచేయాలంటే టీకా వేయించుకున్నట్టో, రోగనిరోధక శక్తి ఉన్నట్టో రుజువు చూపించాలని 2020 నుంచి చట్టం. తెనాలిలో ఎనభైల నాటి కార్డు ఎక్కడుంటుంది? అత్తయ్య ట్రంకుపెట్టెలన్నీ తిరగేసి పెళ్ళి పత్రికలు, కరెంటు బిల్లులు దొరికాయంది. చివరికి రక్తపరీక్ష చేయించి యాంటీబాడీల రిపోర్టు ఇచ్చారు.

ఇప్పుడు గురువారాలు ఆఫీసు నుంచి త్వరగా బయటపడి వెళ్తున్నారు. కోనేరు హంపి మా పక్క జిల్లా అమ్మాయి, 2019లో, 2024లో ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అని మొదటి రోజే చెప్పారట. మా బాబు ఆ గంటలో వాళ్ళ నాన్నని అందరిలాగే పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఇంట్లో పిలిస్తే ఊరుకోనని చెప్పాను.

టీచర్లూ మధ్యాహ్నం వాళ్ళూ నెలకి ఒక గంట కలిసి కూర్చునేలా టైంటేబుల్‌లో చోటు కావాలని తల్లిదండ్రుల కమిటీ తరఫున మేం కొందరం అడిగాం. హెడ్‌మిస్ట్రెస్‌కి ఇష్టమే. సేవాసంస్థ వాళ్ళు మాత్రం, మాకు నిధులొచ్చేది పిల్లల సంఖ్యని బట్టి, పిల్లలు లేని గంటకి జీతం ఎవరిస్తారు అన్నారు. న్యాయమైన ప్రశ్నే. నగరపాలక సంస్థకి ఉత్తరం రాశాం, వచ్చే మీటింగులో మళ్ళీ ఎత్తుతాం. ఈలోపు మావారి చదరంగం గంట అవగానే క్లాస్ టీచర్ అప్పుడప్పుడు వచ్చి, ఎవరు ఓడిపోతే ఏడుస్తున్నారు, ఎవరు మళ్ళీ ఆడదామంటున్నారు అని అడిగి వెళ్తోంది.