పాటల యాప్‌లకు లాభం ఎందుకంత దూరం?

పాటల యాప్ స్పాటిఫై 2006లో స్వీడన్‌లో పుట్టింది, 2008లో శ్రోతల ముందుకు వచ్చింది, ఏడాది మొత్తానికి లెక్క చూసుకుని లాభం ప్రకటించింది మాత్రం మొదటిసారిగా 2024లో. ఈ రంగంలో అందరికన్నా ముందున్న సంస్థకే పదహారేళ్లు పట్టిందంటే, తప్పు నిర్వహణలో కన్నా ఈ వ్యాపారం నిర్మాణంలోనే ఎక్కువగా ఉందని నేను నమ్ముతున్నాను.

మన హైటెక్ సిటీలో తయారయ్యే సాఫ్ట్‌వేర్‌ను వెయ్యిమందికి అమ్మినా పది లక్షలమందికి అమ్మినా తయారీ ఖర్చు పెద్దగా మారదు. అమ్మకం పెరిగేకొద్దీ మిగులు పెరుగుతుంది. పాటల యాప్‌కు ఆ సౌలభ్యం లేదు. వచ్చిన ఆదాయంలో దాదాపు మూడింట రెండు వంతులు పాటల హక్కులున్న రికార్డు సంస్థలకు, రచయితలకు, స్వరకర్తలకు, అంటే హక్కుదారులకు వెళ్లిపోతుంది కనుక, చందాదారులు రెట్టింపైతే చెల్లింపులూ దాదాపు రెట్టింపవుతాయి. యూనివర్సల్, సోనీ, వార్నర్ రికార్డు సంస్థల పాటలు లేకుండా ప్రపంచంలో ఏ యాప్ అయినా నిలబడటం కష్టం. ఆదిత్య, లహరి సంస్థల దగ్గరున్న పాటలు లేకపోతే తెలుగువాళ్లు ఆ యాప్‌ను తెరిచి చూడరు. ఇక బేరమాడే బలం ఎక్కడినుంచి వస్తుంది?

స్పాటిఫై 2019లో మన దేశానికి వచ్చినప్పుడు నెల చందా 119 రూపాయలు. అందులోనే కలిసి ఉన్న 18 శాతం జీఎస్టీ పోగా మిగిలేది సుమారు 101 రూపాయలు. మూడింట రెండు వంతుల లెక్కనే ఇక్కడా పట్టుకుంటే, హక్కుదారుల వాటా తీసేశాక సంస్థ చేతిలో ఉండేది సుమారు 34 రూపాయలు. సర్వర్లు, జీతాలు, ప్రచారం అన్నీ అందులోనే సర్దుకోవాలి.

అదీ చందా కట్టేవాళ్ల సంగతి. అమీర్‌పేటలో నేను టీ తాగే కొట్టులో పొద్దుటినుంచి రాత్రిదాకా యజమాని ఫోన్‌లో యూట్యూబ్ పాటలు మోగుతూనే ఉంటాయి. చరణం పూర్తవకముందే ప్రకటన వచ్చిపడినా ఎవరూ విసుక్కోరు, అది అయిపోయేదాకా మాటల్లో పడతారు. ఉచితంగా దొరికేదానికి డబ్బెందుకని వాళ్లు అనుకోవడాన్ని నేను తప్పుపట్టలేను. ఆ అలవాటు మీదే మన దేశంలో నడిచిన పాటల యాప్‌లు తడబడ్డాయి. గానా 2022లో ఉచిత సేవ ఆపేసి చందాదారులకే పరిమితమైంది, రెస్సో 2024 జనవరిలో మన దేశంలో మూతపడింది, వింక్‌ను మూసివేస్తున్నట్టు ఎయిర్‌టెల్ అదే ఏడాది ప్రకటించింది. ఆపిల్, అమెజాన్, గూగుల్ వంటి సంస్థలకు పాట ఒక్కటే జీవనాధారం కాదు కాబట్టి నష్టమొచ్చినా ఓర్చుకోగలవు.

స్పాటిఫై లాభం దాకా ఎలా చేరిందో చూస్తేనే నాకు బాధ కలుగుతుంది. 2023 డిసెంబరులో సిబ్బందిలో సుమారు 17 శాతం మందిని తీసేసింది, అనేక దేశాల్లో చందాలు పెంచింది. అమెరికాలో ప్రీమియం చందాను ఆడియోబుక్‌లతో కలిపిన ప్యాకేజీగా చూపడంతో చందాలో కొంత భాగం పుస్తకాల లెక్కలోకి పోయి, గీత రచయితలకు, స్వరకర్తలకు వెళ్లే ఒక రకం రాయల్టీ (పాట వాడుకున్నందుకు ఇచ్చే సొమ్ము) తగ్గింది. దానిపై 2024లో కోర్టులో దావా కూడా పడింది. పన్నెండు నెలల్లో వెయ్యిసార్లయినా వినని పాటకు రికార్డింగ్ రాయల్టీ ఇవ్వకూడదన్న స్పాటిఫై నియమమూ అదే ఏడాది అమల్లోకి వచ్చింది. సొంత డబ్బుతో జానపదం రికార్డు చేసి యాప్‌లో పెట్టే ఊరి గాయనికి ఆ వెయ్యి చిన్న గడప కాదు. మన దేశంలో 2012 కాపీరైట్ సవరణ రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీలో వాటా అడిగే హక్కును గట్టిపరిచింది. ఆ వాటాను కోసి రాబట్టే లాభాన్ని నేను వ్యాపార విజయంగా అంగీకరించలేను.

చందా పెంచండి, కడతాను. కాని ఇప్పటి పద్ధతిలో అందరి చందాలూ ఒకే రాశిగా పోసి, మొత్తం వినికిడిలో ఎవరి వాటా ఎంతో చూసి పంచుతారు. నెలంతా నేను అన్నమయ్య కీర్తనలే విన్నా, నా డబ్బులో అధికభాగం నేనెన్నడూ వినని పాటలకు చేరుతుంది. నా చందా నేను విన్నవాళ్లకే చేరాలి. సౌండ్‌క్లౌడ్ అనే పాటల వేదిక 2021లోనే స్వతంత్ర కళాకారుల కోసం అటువంటి పద్ధతిని మొదలుపెట్టింది కనుక ఇది సాధ్యంకాని కోరిక కాదు, పెద్ద సంస్థలు ఒప్పుకోవలసిన కోరిక.