పేతురు కూర్చున్న చోటు

శనివారం. రాత్రి పది దాటింది. రెండుసార్లు కడుక్కున్నా చేతులకి మందుసబ్బు వాసన పోలేదు.

నిన్న రాత్రంతా వాన కురిసింది కాబట్టి ఈరోజు పని ఎక్కువే ఉంటుందని బయల్దేరేటప్పుడే తెలుసు. వాన వెలిసిన మర్నాడు రోడ్డు పక్క ఉండే పెద్దవాళ్ల బాధంతా కాళ్లలోనే ఉంటుంది. బూట్లు విప్పితే ఎవరైనా ఎత్తుకుపోతారని భయం, అందుకని తడి మేజోళ్లతోనే నిద్రపోతారు. తెల్లారేసరికి పాదాలు నాని, తెల్లబడి, వేళ్ల సందుల్లో చర్మం ఊడొచ్చేస్తుంది. వాళ్ల కాళ్లు కడిగి, భోజనం పెట్టడానికి మా చర్చి సంఘం నుంచి వెళ్లేవాళ్లలో నర్సు ఉద్యోగం చేసి రిటైరైన అక్క ఒకరున్నారు. మా అందరి భక్తి కలిపినా అక్కడ ఆవిడ మందుల సంచీ అంత పనికిరాదు.

అక్క పద్ధతులు అక్కవి. నీళ్ల వేడి మోచేత్తో చూడాలి. "సరిపోయిందా తాతగారూ" అని అడిగితే లాభం లేదు. షుగరు ముదిరినవాళ్లకి పాదాల్లో స్పర్శ ఉండదు, కాలుతున్నా "బాగుందమ్మా" అనేస్తారు. మేజోడు పుండుకి అతుక్కుపోతే లాగకూడదు. తడుపుతూ, అదే వదిలేదాకా ఓపిక పట్టాలి. తువ్వాలుతో రుద్దకూడదు, అద్దాలి. క్రీము పాదానికి రాయొచ్చు గానీ వేళ్ల సందుల్లో రాయకూడదు, తడి నిలిచి ఇంకా పాడవుతుంది. మందంగా పెరిగి వంకర తిరిగిన గోళ్ల జోలికి మేం పోం, అవి ఆవిడే చూసుకోవాలి.

ఈరోజు కొత్తగా వచ్చిన కాలేజీ కుర్రాడు ఇవన్నీ శ్రద్ధగా విన్నాడు. విని, మెట్ల మీద కూర్చున్న ఒకావిడ దగ్గరికి వెళ్లి, "అమ్మమ్మా, కాళ్లు కడగమంటారా?" అన్నాడు. "ఎవరికిరా అమ్మమ్మ? నాకింకా యాభై అయిదు నిండలేదు" అందావిడ. వాడి మొహం చూడాలి. అలాగని వాడిది తప్పేం కాదు, చూసినవాళ్లెవరైనా డెబ్బై అనే అనుకుంటారు. అమెరికాలో, ఓక్లాండ్ అనే ఊళ్లో, ఇల్లు లేని యాభై దాటినవాళ్లని 350 మందిని తీసుకుని 2013లో ఒక పరిశోధన మొదలుపెట్టారు. పడిపోవడం, మతిమరుపు, స్నానానికీ బట్టలు కట్టుకోవడానికీ ఇంకొకరి సాయం కావలసి రావడం, ఇలాంటివన్నీ వాళ్లలో తమకన్నా ఇరవై ఏళ్లు పెద్దవాళ్లలో ఉన్నంతగా కనిపించాయట. అందులో నన్ను ఎక్కువ కుదిపిన సంగతి ఇంకొకటి ఉంది. దాదాపు సగంమంది యాభై దాటాకే మొదటిసారి ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు. అంటే అంతవరకూ ఉద్యోగం, అద్దె, గుమ్మానికి తాళం, అన్నీ ఉన్నవాళ్లే. మనం "పాపం, ఎప్పట్నుంచి ఇలా ఉన్నారో" అనుకుంటూ పక్కనుంచి వెళ్లిపోతాం.

ఆవిడ కాళ్లు కడగనివ్వలేదు. "నా కాళ్లు నేను కడుక్కోగలను. ఆ బేసిన్ ఇలా పెట్టి నువ్వు అటు తిరుగు" అంది వాడితో. వాడు అటు తిరిగి నిలబడ్డాడు. ఈరోజు మా అందరిలో బాగా పని చేసింది వాడేనని నాకనిపించింది.

యోహాను సువార్త 13వ అధ్యాయం మీద చిన్నప్పటినుంచీ ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కలేదు. ప్రభువు భోజనం మీదనుంచి లేచి, పైవస్త్రం తీసేసి, నడుముకి తువాలు కట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల కాళ్లు కడిగాడు. ప్రసంగం ఎవరు చేసినా ఆయన వంగడం గురించే చెబుతారు, మనమూ వంగాలంటారు. నిజమే. కానీ ఈ పనిలోకి వచ్చాక నా కళ్లు ఆ శిష్యుల్లో ఒకడైన పేతురు వైపు తిరిగాయి. వద్దన్నది అతనొక్కడే కదా. నువ్వు నా కాళ్లు కడగడమేంటి, ఎన్నటికీ కుదరదన్నాడు. కడగకపోతే నాతో నీకు భాగం లేదని ప్రభువు అనేసరికి ఒక్కసారిగా అటు చివరికి వెళ్లిపోయి, అయితే చేతులూ తలా కూడా కడుగు అన్నాడు. (పేతురుకి మధ్యేమార్గం ఎప్పుడూ తెలీదు.)

కుర్చీలో కూర్చుని కాలు చాపడం కింద కూర్చుని కడగడం కన్నా కష్టం. కింద కూర్చున్నవాళ్లకి పని ఉంటుంది, చేతులు ఆడుతుంటాయి, లోపల ఎక్కడో కాస్త గర్వం కూడా ఉంటుంది. పైన కూర్చున్న మనిషికి వాసన తనదని తెలుసు, ఆ గోళ్లు తనవని తెలుసు, చెయ్యడానికేమో ఏమీ ఉండదు. ఈరోజు ఒక పెద్దాయన నేను కాలు కడుగుతున్నంతసేపూ మెడ పక్కకి తిప్పుకుని రోడ్డు మీద వెళ్లే బండ్లకేసి చూస్తూనే ఉన్నాడు. తువ్వాలు ఆయన చేతికిచ్చాను. అప్పటికి తల ఇటు తిప్పి, వంగి, రెండోకాలు ఆయనే తుడుచుకున్నాడు. సరిగ్గా తుడుచుకోలేదు, వేళ్ల సందుల్లో తడి అలాగే ఉంది. ఆ తువ్వాలు మళ్లీ తీసుకోవాలని నా చేతులు ఎంత లాగాయో! అక్క దూరం నుంచి కళ్లతోనే వద్దంది. కాసేపాగి ఆవిడే వచ్చి, "బాబాయ్, ఈ వేళ్ల మధ్య పౌడరు వెయ్యనా?" అని అడిగింది. ఆయన సరేనన్నాడు.

ఆ పేతురుతోనే ప్రభువు 21వ అధ్యాయంలో ఇంకో మాట అంటాడు. పడుచువాడివిగా ఉన్నప్పుడు నీ నడుం నువ్వే కట్టుకుని ఇష్టమైన చోటికి వెళ్లావు, ముసలివాడివయ్యాక చేతులు చాపుతావు, వేరొకరు నీ నడుం కట్టి నీకిష్టం లేని చోటికి తీసుకెళ్తారని. అది అతని మరణం గురించి చెప్పిన మాటని సువార్తికుడే రాశాడు. అయినా వృద్ధుల మధ్య కూర్చుని చదివితే అది ఒట్టి వార్ధక్యం గురించే చెప్పినట్టుంటుంది. కాళ్లు కడిగించుకోనన్న మనిషికే ఆ మాట రావడం ఊరికే కాదనిపిస్తుంది నాకు.

భోజనాల దగ్గర ఒకాయన వరసలో నిలబడి, "ముందు ప్రార్థనా, ముందు భోజనమా?" అని అడిగాడు. వెటకారం లేదు, పద్ధతి తెలుసుకుందామని మామూలుగానే అడిగాడు. ఎక్కడో ఒకచోట గంటసేపు వాక్యం విన్నాకే పొట్లం చేతికొచ్చిన అనుభవం ఉన్నట్టుంది. మా పాస్టరమ్మగారు ఈ విషయంలో కరాఖండీ. అన్నం ముందు. ప్రార్థన కావాలన్నవాళ్లకి, వాళ్లు అడిగితేనే, పక్కన కూర్చుని. ఆకలితో ఉన్న మనిషి చేత ఆమేన్ అనిపించడం సువార్త కాదంటారావిడ. ఫోన్లు కూడా సంచీల్లోనే ఉండాలి, ఫోటోలు తియ్యకూడదు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి 6లో ఉంది కదా అని కుర్రాడికి చెబుతుంటే, "మరి చందాలిచ్చేవాళ్లకి ఏం చూపిస్తామండీ?" అన్నాడు. మంచి ప్రశ్నే. పాస్టరమ్మగారు "రసీదులు చూపిద్దాం" అన్నారు.

మాత్రల సంగతి కూడా రాసుకోవాలి. బీపీ ఉన్న ఒక పెద్దాయన తన మాత్రలు సగం వేసుకుని సగం దాచేస్తున్నాడు. అక్క కోప్పడబోతే మెల్లగా చెప్పాడు. అందులో ఒకటి నీళ్లమాత్ర. అది వేసుకుంటే గంటకోసారి వెళ్లాల్సొస్తుంది. "ఎక్కడికెళ్లనమ్మా? రాత్రి తొమ్మిదికి తాళం వేసేస్తారు." అక్క కోపం చప్పున చల్లారింది. మాత్ర ఏ వేళకి వేసుకుంటే ఆయనకి వీలో డాక్టరునడిగి చెబుతానని కాగితం మీద రాసుకుంది. మందు రాసిన డాక్టరుకి ఈ మరుగుదొడ్డి సంగతి ఎవరు చెబుతారు? ఆయనని అడిగినవాళ్లే లేరు.

ఈమధ్య రాత్రుళ్లు జాన్ జుగాన్ గురించి చదువుతున్నాను. మాది ప్రొటెస్టెంట్ సంఘం, కేథలిక్ పునీతుల కథలు మా ఇంట్లో ఎవరికీ పట్టవు. ఈవిడ మాత్రం నన్ను వదలట్లేదు. 1839 చలికాలంలో, ఫ్రాన్స్‌లో, ఇళ్లల్లో పనిచేసి బతికే నలభై ఏడేళ్ల మనిషి. కళ్లు కనపడని, ఒక పక్క చచ్చుబడిన ముసలావిడని ఇంటికి తెచ్చుకుని తన మంచం ఇచ్చేసి, తను అటక మీద పడుకుంది. వృద్ధుల కోసం బుట్ట పట్టుకుని ఇల్లిల్లూ అడుక్కుంది. దిక్కులేని వృద్ధులని చూసుకునే లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ అనే సిస్టర్ల సంస్థ అలా మొదలైంది. 1845లో ఫ్రెంచ్ అకాడమీ ఆవిడకి బహుమతి కూడా ఇచ్చింది. ఆ తర్వాతే అసలు కథ. సంస్థని నడిపే ఫాదరు స్థాపకుడిని నేనేనని ప్రచారం చేసుకుని, 1852లో ఆవిడని పక్కన కూర్చోబెట్టాడు. 1879లో చనిపోయేదాకా, అంటే ఇరవై ఏడేళ్లు, ఆ సంస్థలోనే ఒక మామూలు సిస్టరుగా ఉండిపోయింది. పక్కన నడిచే చిన్న సిస్టర్లకి ఇదంతా మొదలుపెట్టింది ఈవిడేనని తెలీదు. 2009లో పునీతురాలిగా ప్రకటించారు.

చదివితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆవిడ ఊరుకోవడం దీనత్వమని పుస్తకాల్లో రాస్తారు, కావచ్చు. కానీ ఆవిడ దీనత్వం పేరు చెప్పి ఆ ఫాదరు చేసినదాన్ని కప్పెట్టకూడదు. నాకు నచ్చింది ఆ ఇరవై ఏడేళ్ల మౌనం కన్నా అంతకుముందు పట్టుకున్న బుట్ట. ఇచ్చే చెయ్యిగా మాత్రమే ఉండిపోయే వీలు ఆ బుట్ట ఆవిడకి లేకుండా చేసింది. వృద్ధుల కోసం తనూ చెయ్యి చాపింది, గుమ్మంలో నిలబడి లేదనిపించుకుంది.

బయల్దేరబోతుంటే మెట్ల మీది ఆవిడ పిలిచింది. పేరుకి నన్ను పిలిచింది గానీ చూపంతా మా దుప్పట్ల సంచీ మీదే ఉంది. దాని అడుగు కుట్లు ఊడిపోయి చాలా రోజులయింది, తాడుతో కట్టి మోస్తున్నాం. ఒకప్పుడు టైలరింగ్ షాపులో కట్టింగ్, కుట్టు రెండూ చేసేదట. సంచీ తిరగేసి, కుట్టు వేలితో తడిమి, "ఎవరు కుట్టారిది? అసలు మడత పెట్టలేదు" అంది. వచ్చే శనివారం సూదీ దారం తెస్తే తనే కుట్టి పెడుతుందట. నేను కొత్తది కొందామనుకుంటున్నామని చెప్పబోయి ఊరుకున్నాను.

వచ్చే వారానికి: గోనెపట్టా కుట్టే లావు సూది. మైనం రాసిన దారం, ముదురు నీలం. నల్లది తెస్తే కుట్టనని ఖచ్చితంగా చెప్పింది. కత్తెర పదునుగా ఉండాలి. చీకటిపడితే తనకి సూదిబెజ్జం కనపడదట, అయిదింటికల్లా రమ్మంది.