మాన్‌స్టర్ అంతా ఇంక్రీజ్ లెక్కలోనే ఉంది

ఇప్పుడు నా ఊలు బుట్టలో క్రోషేతో, అంటే ఒక్క కొక్కెం సూదితో, అల్లిన ఐదు కాళ్లు, సగం మెదడు, ఒక తోక కోసం కట్ చేసి పెట్టుకున్న తీగ ఉన్నాయి. కాళ్లూ తోకా ఫేస్‌హగ్గర్‌వి. 1979లో వచ్చిన ఏలియన్ సినిమాలో గుడ్డులోంచి ఎగిరొచ్చి మొహానికి అతుక్కుపోతుందే, అది. ఎనిమిది కాళ్లు, అవీ మనిషి వేళ్లలా కణుపులు కణుపులుగా ఉంటాయి, తోకేమో మెడకి చుట్టుకుంటుంది. చిన్నప్పుడు ఆ సీన్ వస్తే కళ్లు మూసేసుకునేదాన్ని, ఇప్పుడు అదే సీన్ ఆపి ఆపి చూస్తూ ఒక్కో కాలికి ఎన్ని కణుపులో లెక్కపెడుతున్నా.

ఇలాంటి జీవులకి క్రోషే అంత బాగా ఎందుకు కుదురుతుందో కొంచెం వివరంగా చెప్పాలనిపించింది. అమిగురుమి, అంటే క్రోషేతో చేసే చిన్న చిన్న బొమ్మలు, అల్లినవాళ్లకి తెలుసు, మ్యాజిక్ రింగ్‌లో (లాగితే బిగుసుకునే మొదటి ఉచ్చులో) 6 సింగిల్స్‌తో (పొట్టిగా ఉండే మామూలు స్టిచ్‌లతో) మొదలుపెట్టి రౌండ్ రౌండ్‌కి ఆరేసి పెంచుకుంటూ పోతే (ఒకే స్టిచ్‌లో రెండు వేయడమే పెంచడం, అదే ఇంక్రీజ్), అంటే 6, 12, 18, 24 అలా, చదునైన చక్రం వస్తుంది. పెంచడం ఆపేస్తే గిన్నెలా లోపలికి వంగుతుంది. అవసరానికి మించి పెంచితే అంచులు కుచ్చుల్లా అలలు అలలుగా లేస్తాయి. కొత్తవాళ్లు తప్పొచ్చిందని అక్కడే ఊడదీసేస్తారు, కానీ వేరే గ్రహం మీద మొలిచినట్టుండే మొక్కలు, పుట్టగొడుగులు, రెక్కలు అన్నీ ఆ కుచ్చుల్లోంచే వస్తాయి.

ఆ కుచ్చుల వెనక నిజంగానే పెద్ద గణితం ఉంది. హైపర్‌బోలిక్ తలాన్ని, అంటే ప్రతిచోటా గుర్రపు జీనులా వంగి ఉండే తలాన్ని, కాగితంతో చేసి చూపిస్తే చేతిలో చిరిగిపోతోందని 1997లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో డైనా టైమిన్యా అనే గణిత శాస్త్రవేత్త క్రోషేతో అల్లారు. ఇన్ని స్టిచ్‌లకి ఒక ఇంక్రీజ్ అని ఒకే నిష్పత్తి పెట్టుకుని అల్లుకుంటూ పోవడమే, అంతే. తర్వాత 2005లో మార్గరెట్, క్రిస్టీన్ వెర్ట్‌హైమ్ అనే అక్కచెల్లెళ్లు అదే పద్ధతితో పగడపు దిబ్బలు అల్లడం మొదలుపెట్టారు, ఆ ఫోటోలు చూస్తే సముద్రమా, ఇంకో గ్రహమా అనిపిస్తుంది. ఇక 2004లో హింకె ఒసింగా, బెర్న్‌డ్ క్రౌస్‌కోఫ్ అనే గణిత శాస్త్రవేత్తలైతే కేయాస్ థియరీలోని లోరెంజ్ మానిఫోల్డ్ అనే మెలికలు తిరిగిన తలాన్నే అల్లేశారు, 25,511 స్టిచ్‌లు, 85 గంటలు! నాకు ఇంతకన్నా సైన్స్ ఫిక్షన్ వస్తువు ఇంకోటి కనపడదు, అది కల్పన కాకపోయినా సరే.

టెంటకిల్స్ సంగతికొస్తే, వాటిని వంచడానికి తీగే పెట్టక్కర్లేదు. సన్నవి కావాలంటే చెయిన్ (ఉచ్చుల గొలుసు) వేసి వెనక్కి వస్తూ ఒక్కో చెయిన్‌లో రెండేసి మూడేసి సింగిల్స్ వేస్తే దానంతటదే మెలి తిరిగిపోతుంది. లావువి కావాలంటే గొట్టంలా అల్లుతూ ప్రతి రౌండ్‌లో ఒక పక్క సింగిల్స్, రెండో పక్క హాఫ్ డబుల్స్ (కొంచెం పొడుగు స్టిచ్‌లు) వేయాలి, పొట్టి స్టిచ్‌లున్న వైపుకి వంగుతుంది. అయితే ప్యాటర్న్ అమెరికన్‌దా బ్రిటిష్‌దా అన్నది ముందే చూసుకోండి, అమెరికన్ సింగిల్‌నే బ్రిటిష్ ప్యాటర్న్‌లో డబుల్ అంటారు, నేను ఇక్కడ రాసినవి అమెరికన్ పేర్లు. నేను చూసుకోకుండా అల్లిన మొదటి టెంటకిల్ మొత్తం వదులుగా వచ్చి లోపలి దూది బయటికి కనిపించింది.

కళ్ల దగ్గర నాకు గట్టి అభిప్రాయమే ఉంది. కళ్లు కిందికి, దూరంగా పెడితే పసిపిల్ల మొహం వచ్చేస్తుంది, ఎంత భయంకరమైన జీవినైనా ముద్దుగా మార్చేస్తుంది. చాలా ప్యాటర్న్‌లు అలాగే ఉంటాయి, బాగానే ఉంటాయి కూడా, కానీ నేను కొంచెం పైకి, దగ్గరగా పెడతా, భయం పూర్తిగా పోకూడదు నాకు. హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ రాసిన భయానక కథలోని కథుల్హు అనే రాక్షస జీవిని అల్లినప్పుడు ఇదే చేశా. 1928లో అచ్చయిన ఆ కథలో ఆక్టోపస్, డ్రాగన్, మనిషి కలగలిసిన ఆ రూపం మొదట కనిపించేది చేత్తో చేసిన ఒక చిన్న మట్టి పలక మీద. అంటే దాన్ని మొదట చేసింది కూడా ఎవరో కూర్చుని చేత్తోనే, అది నాకు చాలా నచ్చింది.

నల్ల ఊలుతో అల్లేవాళ్లు పగటి వెలుగులో కూర్చుని ఒళ్లో తెల్ల గుడ్డ పరుచుకోండి, స్టిచ్‌ల సందులు కనిపిస్తాయి. చిన్నపిల్లలకి ఇచ్చేదైతే తీగ అసలు వద్దు, మూడేళ్లలోపు వాళ్లకి సేఫ్టీ ఐస్ (బొమ్మలకి బిగించే ప్లాస్టిక్ కళ్లు) కూడా వద్దు, పేరులో సేఫ్టీ ఉన్నా ఊడొస్తాయి, కళ్లు దారంతో కుట్టేయండి.

మెదడు గురించి రాయనేలేదు కదా, అది సులువు. చిన్న అర్ధగోళం అల్లి, సన్నటి పొడుగు తాడు ఒకటి అల్లి, మెలికలు మెలికలుగా దాని మీద పేర్చి కుట్టడమే. కాకపోతే తాడు అనుకున్నదానికన్నా చాలా పొడుగు పడుతుంది, నాది సగానికే అయిపోయింది, అందుకే అది అలా ఆగింది. ముందు ఫేస్‌హగ్గర్‌కి మిగిలిన మూడు కాళ్లు అవ్వాలి, ఒక్కో కణుపు దగ్గర మూడు ఇంక్రీజులు, తర్వాతి రౌండ్‌లో మూడు డిక్రీజులు (రెండు స్టిచ్‌లని ఒకటిగా కలిపేయడం), ఆరో కాలికి రెండో కణుపు దాకా వచ్చా.