హాలు డిజైన్ చేసేటప్పుడు ముందు చెవుల సంగతి చూడండి

ఫంక్షన్ హాలు గానీ కన్వెన్షన్ సెంటర్ గానీ డిజైన్ చేయమంటే చాలామంది మొదట గీసేది స్టేజి. తర్వాత దానికి ఎదురుగా ఎన్ని కుర్చీలు పడతాయో లెక్క, ఆ తర్వాత షాండ్లియర్ ఎక్కడ పెట్టాలి, ఫొటోలో ఎలా కనిపిస్తుంది అన్న చర్చ. ఈ వరుసే తప్పని నా అభిప్రాయం. వచ్చినవాళ్లు షాండ్లియర్‌ని చూసేది ఒక్క నిమిషం. మిగతా గంటలన్నీ మాట్లాడుతుంటారు, వింటుంటారు, ఎక్కడ నిలబడాలా అని చూస్తుంటారు, పెద్దవాళ్లను కూర్చోబెట్టడానికి చోటు వెతుకుతుంటారు. ఇవన్నీ ఇబ్బంది లేకుండా జరిగిపోతే మనసు హాయిగా ఉంటుంది. లేదంటే ఎంత డెకరేషన్ చేసినా ఎప్పుడు బయటపడదామా అనే ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది శబ్దం. కింద గ్రానైట్, పక్కన గాజు, పైన నున్నటి ప్లాస్టర్, కంటికి బాగానే ఉంటాయి గానీ శబ్దాన్ని దాదాపు పీల్చుకోవు, అందిన దాన్ని అందినట్టే వెనక్కి పంపేస్తాయి. చుట్టూ గోల పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు, ఈ సంగతిని ఫ్రెంచ్ వైద్యుడు ఎటియెన్ లొంబార్ 1911లోనే వివరించాడు. ఒక బల్ల దగ్గర గొంతు పెంచితే పక్క బల్లవాళ్లూ పెంచాలి, వాళ్లను చూసి ఇంకొకళ్లు, అలా కాసేపటికి హాలంతా అరుపులే. ఇంటికి వెళ్లేసరికి తలనొప్పి, గొంతు బొంగురు, ఎందుకంత అలసిపోయామో ఎవరికీ అర్థం కాదు. నిజానికి ఆ పని గోడలది.

దీనికి లెక్క ఉంది, అదీ కష్టమైనది కాదు. 1895 ప్రాంతంలో హార్వర్డ్‌లో కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాల్లో పాఠం ఒక్క ముక్క అర్థం కావడం లేదంటే వాలెస్ సబైన్ అనే యువ ఫిజిక్స్ అధ్యాపకుడికి ఆ సమస్య అప్పగించారు. ఆయన రాత్రిళ్లు పక్క థియేటర్ నుంచి సీట్ల మెత్తలు మోయించి, ఒక్కో వరుస పరుస్తూ శబ్దం ఎంతసేపట్లో చచ్చిపోతుందో కొలిచాడు. అందులోంచి వచ్చిన సూత్రమే ఇప్పటికీ వాడుతున్నాం: కొలతలన్నీ మీటర్లలో తీసుకుని, హాలు ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, శబ్దాన్ని పీల్చుకునే మొత్తం విస్తీర్ణంతో (అంటే ఒక్కో ఉపరితలం విస్తీర్ణాన్ని అది పీల్చుకునే శాతంతో గుణించి అన్నీ కూడితే వచ్చేది) భాగిస్తే, ప్రతిధ్వని ఎన్ని సెకన్లు నిలుస్తుందో వస్తుంది.

30 మీటర్ల పొడవు, 20 వెడల్పు, 6 ఎత్తు ఉన్న హాలు తీసుకోండి. అన్నీ గట్టి ఉపరితలాలే, సగటున 5 శాతం శబ్దమే పీల్చుకుంటాయనుకుంటే, ఖాళీ హాల్లో ప్రతిధ్వని 6 సెకన్లు దాటుతుంది. నాలుగు వందల మంది వచ్చి కూర్చుంటే, మనుషులూ బట్టలూ కొంత పీల్చుకుంటాయి కాబట్టి 2 సెకన్ల దగ్గరికి దిగుతుంది. 2 సెకన్లు సింఫనీ సంగీతానికి అద్భుతం, వియన్నాలో 1870లో తెరిచిన మ్యూజిక్‌ఫెరైన్ హాలు పేరు పొందింది దాదాపు ఆ సంఖ్యతోనే. మాటలకు మాత్రం 1 సెకను లోపు ఉండాలి. అదే హాల్లో సీలింగ్ మొత్తం శబ్దం పీల్చే పలకలతో కడితే ఖాళీగా ఉన్నప్పుడే 1 సెకను దగ్గరికి వస్తుంది, జనం వచ్చాక ఇంకా తగ్గుతుంది. ఒక్క సీలింగ్‌తో అంత తేడా! ఇది ప్లాన్ దశలోనే తేల్చాలి. హాలు తెరిచాక ఫిర్యాదులు వస్తే గోడలకు ప్యానెళ్లు అతికించడం ఖర్చూ ఎక్కువ, చూడ్డానికీ బాగోదు. సౌండ్ పెంచితే సరిపోతుందనే వాళ్ల మాట మాత్రం వినకండి, ప్రతిధ్వని ఉన్న చోట సౌండ్ పెంచితే గందరగోళమే పెరుగుతుంది. స్టేజి పక్కన రెండు భారీ స్పీకర్లకు బదులు హాలంతా చిన్న స్పీకర్లు పంచితే అందరికీ మాట అందుతుంది, ముందు వరుసవాళ్ల చెవులూ బాగుంటాయి.

శబ్దం తర్వాత నేను పట్టుబట్టేది లోపలికొచ్చే దారి. కారు తలుపు తీసి దిగగానే నేరుగా హాల్లో పడితే మనిషి ఇంకా ట్రాఫిక్‌లోనే ఉంటాడు. కొంచెం నడవాలి, ఒక మలుపు తిరగాలి, సీలింగ్ తక్కువ ఎత్తులో ఉన్న చోటు దాటి, సీలింగ్ ఎత్తుగా ఉన్న చోటికి రావాలి. అమెరికన్ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ తాను డిజైన్ చేసిన ఇళ్లలో పదేపదే చేసింది ఇదే. జర్మనీలోని హాంబర్గ్‌లో 2017లో తెరిచిన ఎల్బ్‌ఫిల్‌హార్మోనీ అనే సంగీత కచేరీల భవనంలో 82 మీటర్ల ఎస్కలేటర్ వంపు తిరిగి ఉంటుంది, ఎక్కేటప్పుడు అవతలి కొస కనపడదు. పైకి చేరేసరికి ఎంత హడావిడిగా వచ్చినవాళ్లైనా నెమ్మదిస్తారు. అంత డబ్బు అందరి దగ్గరా ఉండదు, నిజమే, కానీ ఒక మలుపుకూ తక్కువ ఎత్తు వరండాకూ పెద్దగా ఖర్చేమీ కాదు.

లైట్ల గురించి రెండు మాటలు. అందరూ కలిసి కూర్చునే చోట 2700 నుంచి 3000 కెల్విన్ వెచ్చటి వెలుగు, దానికి డిమ్మర్, అంతే. నెత్తి మీద నుంచి నిటారుగా పడే లైటు కళ్ల కింద నీడలు వేసి అందరినీ అలసిపోయినట్టు చూపిస్తుంది, అందుకే కొంత వెలుగు పక్కల నుంచి కూడా రావాలి.

చివరగా హాలు సైజు. వెయ్యిమంది హాల్లో రెండు వందల మంది ఉంటే ఎంత మంచి కార్యక్రమమైనా వెలితిగా అనిపిస్తుంది, ఆ భయంతోనే జరిపే పార్టిషన్లు పెట్టిస్తారు. మంచిదే. కానీ ఆ పార్టిషన్ ఫాల్స్ సీలింగ్ దగ్గర ఆగిపోతే పై ఖాళీలోంచి పక్క హాలు పాటలన్నీ ఇటు వచ్చేస్తాయి. పార్టిషన్ పైన, శ్లాబు దాకా గట్టి అడ్డు కట్టమని డ్రాయింగ్‌లోనే రాయించండి, సైట్‌లో కట్టారో లేదో సీలింగ్ మూసే ముందే మీరే వెళ్లి చూడండి.